నిమిషమున్నర ముందు నడిచిన రేవు

మా ఆయనకి ఈ లోకంలో ఇద్దరంటేనే గౌరవం. ఒకరు ఆయన. రెండోది, ఆయన ఆఫీసు సర్వర్ గదిలో మూలన కూర్చుని టైమ్ చెప్పే పెట్టె. మిగతా వాళ్ళమంతా ఏదో గాలివాటానికి బతికేస్తున్న వాళ్ళం.

ఆయన లాంచీల కంపెనీలో నెట్‌వర్క్ విభాగానికి పెద్ద. ఏటికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి రోజుకి పద్నాలుగు లాంచీలు తిరుగుతాయి. రేవులో గేట్లు, టైమ్ బోర్డులు, కెమెరాలు, ఇక కదలొచ్చని లాంచీ నడిపే సరంగుకి చెప్పే పచ్చలైటు, అన్నీ ఆ పెట్టె మాట విని నడిచేవే. తొమ్మిదీ పది లాంచీకి తొమ్మిదీ ఎనిమిదికల్లా గేటు దానంతటదే మూసుకోవాలి. "సెకను తేడా రాదు" అని ఆయన చెప్పుకోని చుట్టం లేడు, పక్కింటివాడు లేడు. రేవులో ఆయనకి 'సెకన్ల సారు' అని పేరు పెట్టారు. అది మెచ్చుకోలని ఆయన నమ్మకం. నేనెప్పుడూ ఆ నమ్మకం చెడగొట్టలేదు.

నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లాబ్ చూస్తాను. రెండేళ్ళ కిందట పిల్లలకి పాఠం కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద సర్వర్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, "నీ దగ్గర టైమెంత?" అని ఆ సర్వర్‌ని ఎనిమిదిసార్లు అడుగుతుంది. ప్రశ్న పోయి జవాబు రావడానికి పట్టిన కాలంలో సగం లెక్కలో సర్దుకుంటుంది. అదే ప్రశ్న బయట పేరున్న నాలుగు సర్వర్లనీ అడిగి పోల్చి, చివరికి ఒక్క లైను రాస్తుంది: ఈ సర్వర్ ఇంత ముందుంది, లేదా ఇంత వెనకుంది. అంతే. రాసింది మొత్తం కలిపి నూట అరవై లైన్లు.

దాన్ని మురిపెంగా ఆయనకి చూపించాను. ఆయన ఫోన్లోంచి తలెత్తి, చూసి, మళ్ళీ తలదించుకున్నారు.

"టైమెంతో తెలుసుకోడానికి ఇంత మంత్రం చదవాలా? గోడ మీద గడియారం ఉందిగా" అన్నారు. "మా ఆఫీసులో చూడు, గోడంత తెర. అన్నీ పచ్చ లైట్లు. ఏదైనా తేడా వస్తే ఎర్రబడుతుంది."

ఆ గోడంత తెర పైన పటారం, లోన లొటారం అని నాకు అప్పటికి తెలియదు.

ఇక మా తోటికోడలు. బావగారు లాంచీలకి వడ్రంగం పని చేస్తారు. ఆవిడ అదే రేవులో గేటు దగ్గర డ్యూటీ. పదకొండేళ్ళ నుంచి అక్కడే. నేను అక్కా అని పిలుస్తాను గానీ, నిజం చెప్పాలంటే ఆ పిలుపులో అక్క ఎంతుందో నాకే తెలుసు. పదో తరగతి గట్టెక్కని మనిషి, గొంతు పెద్దది, ఫోన్లో మాట్లాడితే ఏటి అవతలివాళ్ళకి ఫోన్ లేకుండానే వినపడుతుంది. మా ఆయన నన్ను చూసినట్టే నేను ఆవిడని చూసేదాన్ని. ఒక మెట్టు పైనుంచి.

ఆ సోమవారం ఉదయం ఒక ముసలాయన కూతురి చెయ్యి పట్టుకుని తొమ్మిదీ పది లాంచీకి వచ్చాడు. అవతలి ఒడ్డు ఆసుపత్రిలో కంటి ఆపరేషన్. గేటు అప్పుడే మూసుకుంది. కూతురు ఫోన్ చూపించి, "ఇంకా టైముందమ్మా, తొమ్మిదీ ఏడే అయింది" అని ఏడుపు మొహం పెట్టింది. అక్క తన ఫోన్ చూసుకుంది. అదీ తొమ్మిదీ ఏడే. బోర్డు మీద మాత్రం తొమ్మిదీ ఎనిమిది దాటింది.

అక్క తాళంచెవి పెట్టి గేటు తీసి, వాళ్ళిద్దరినీ పంపించి, సరంగుకి ఆగమని చెయ్యూపింది. పైగా చుట్టూ ఉన్న నలుగురూ వినేలా, "ఈ గేటుకి పిచ్చెక్కింది, నెల రోజుల్నించీ ముందే మూసేస్తోంది" అంది.

టైమ్ దాటాక తాళంతో గేటు తీస్తే గోడంత తెర మీద ఎర్ర లైటు వెలుగుతుంది. వెలిగింది. మా ఆయన కెమెరా తెరిచి చూశారు. కెమెరా మీద టైమ్ తొమ్మిదీ ఎనిమిదీ నలభై సెకన్లు. నలభై సెకన్ల ఆలస్యం! వెంటనే రిపోర్టు రాసేశారు: సిస్టమ్ టైమ్ కచ్చితం, సిబ్బంది నిబంధన మీరి గేటు తెరిచారు, లాంచీని ఆపారు, సిస్టమ్ గురించి జనంలో తప్పుడు మాటలు చెప్పారు. కింద సంతకం.

బుధవారం సాయంత్రం అక్క ఆ మెమో పట్టుకుని మా ఇంటికొచ్చింది. విచారణ తేలేదాకా గేటు దగ్గరికి రావద్దన్నారట. ఆయన హాల్లోనే ఉన్నారు.

"ఏం మరిదీ, రాసేముందు ఒక్క మాట అడగాలనిపించలేదా?" అంది అక్క.

"ఆఫీసులో నాకు వదినలూ మరదళ్ళూ లేరు వదినా. నాకు సిస్టమ్ ఒక్కటే తెలుసు."

"ఆ సిస్టమే తప్పు చెబుతోందని కదా నా మొర."

ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. పళ్ళు కనపడవు, ముక్కు మాత్రం కదులుతుంది. "వదినా, మీ ఫోన్‌కీ మా సర్వర్‌కీ పోలికా? టైమ్ అంటే ఏమిటో, అది ఎలా వస్తుందో మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే నాకు ఒక జన్మ చాలదు."

అక్క గొంతు మొదటిసారి చిన్నబోవడం విన్నాను. "నా ఒక్కదాని ఫోనయితే సరేలే అబ్బాయీ. వచ్చేవాళ్ళందరి ఫోన్లూ అదే చెబుతుంటే?" అంది.

ఆవిడని వంటింట్లోకి తీసుకెళ్ళి నీళ్ళిచ్చాను. నిజానికి నేనూ ఆవిడ మాట నమ్మలేదు. కానీ పదిమంది ఫోన్లు ఒకే మాట మీద ఉండి, పెట్టె ఒక్కటి వేరే మాట చెబుతుంటే, అడిగి చూడాల్సింది పెట్టెని కదా. పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకి చెప్పేదదే.

గురువారం కాలేజీకి వెళ్ళే దారిలో రేవులో దిగి, బెంచీ మీద కూర్చుని లాప్‌టాప్ తీశాను. ప్రయాణికుల వైఫై నుంచి బయటి ప్రపంచానికీ దారి ఉంది, మా ఆయన సర్వర్‌కీ దారి ఉంది. కమాండ్ కొట్టాను. బయటి నాలుగు సర్వర్లూ సెకనులో వందో వంతు తేడా కూడా లేకుండా ఒక్క మాట మీదున్నాయి. అయిదో లైను వచ్చింది: మా ఆయన సర్వర్ తొంభై నాలుగు సెకన్లు ముందుంది.

నేనేదో తప్పు కొట్టాననుకుని మళ్ళీ కొట్టాను. అదే తొంభై నాలుగు.

మర్నాడు తొంభై ఆరు. శనివారం తొంభై ఎనిమిది. రోజుకి రెండు సెకన్ల పైచిలుకు చొప్పున ముందుకి పోతోంది. అంటే ఆ పెట్టె బయట ఎవర్నీ టైమ్ అడగడం మానేసి, దాని లోపలి గడియారాన్నే నమ్ముకుని పరిగెడుతోందన్నమాట. వెనక్కి లెక్కేస్తే నలభై అయిదు రోజుల కిందట మొదలైంది. ఆ వారమే ఆయన ఇంటికొచ్చి గొప్పగా చెప్పారు: "సర్వర్ గది నుంచి బయటికి వెళ్ళే దారులన్నీ మూసేశాను. ఇక ఈగ కూడా దూరదు." ఈగతో పాటు టైమ్ కూడా దూరదని ఆయనకి తట్టలేదు. తట్టినా, అడగడానికి ఎవరున్నారు? ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఆ పెట్టెనే అడిగేవి, అన్నీ ఒకే తప్పు చెప్పేవి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న మనిషికి, మూడు కాళ్ళ కుందేళ్ళ మంద దొరికింది.

ఆదివారం అక్కని కూడా రేవుకి తీసుకెళ్ళాను. బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో చెప్పాను. చిన్నపిల్లలకి చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి. ఆవిడ చివరిదాకా విని, ఏటి వైపు చూస్తూ అడిగింది:

"ప్రశ్న వెళ్ళడానికీ జవాబు రావడానికీ కలిపి పట్టింది సగం చేస్తున్నావు. మరి పోయేదారీ వచ్చేదారీ ఒకలాంటివి కాకపోతే? మా లాంచీ అటు పోవడానికి ఎదురు నీరు, ఇటు రావడానికి వాలు నీరు. రెండూ కలిపి సగం చేస్తే ఎటూ సరిపోదు కదా చెల్లీ."

ఆ లెక్కలో ఉన్న ఒకే ఒక్క లొసుగు అది. నేను రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఒక్క పిల్లాడూ ఆ ప్రశ్న వేయలేదు. నా అంతట నాకూ తట్టలేదు, పుస్తకంలో చదివి తెలుసుకున్నదాన్ని.

"సరిపోదక్కా" అన్నాను. "కానీ ఆ తప్పు ఎంత పెద్దదయినా పోయి వచ్చిన కాలాన్ని మించదు. ఇక్కడ పోయి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టలేదు. తేడా చూస్తే వంద సెకన్లుంది."

"అయితే సరే" అంది ఆవిడ, లాంచీ తనిఖీ చేసి సంతకం పెట్టినట్టు.

ఆ రోజు నుంచి ఆవిడని పైనుంచి చూడటం మానేశాను. ఎక్కి నిలబడటానికి నాకసలు మెట్టు లేదని తెలిసింది.

తొమ్మిది రోజులు రాసుకున్నాను. తొమ్మిదో రోజు, శుక్రవారం, నూట పదకొండు. ఆ సాయంత్రం ఆయన టీ తాగుతుంటే లాప్‌టాప్ ముందు పెట్టాను.

"ఇదేంటి, నీ బొమ్మ ప్రోగ్రామా? దీనికి బొమ్మ కూడా లేదే" అన్నారు.

"మీ సర్వర్ దాదాపు రెండు నిమిషాలు ముందుందండీ. నలభై రోజుల పైనే అయింది. అక్క గేటు తీసినప్పటికి అసలు టైమ్ తొమ్మిదీ ఏడు. మూసుకోవాల్సిన టైమ్‌కి ఇంకా నలభై ఎనిమిది సెకన్లుంది. ఆవిడ ఏ నిబంధనా మీరలేదు."

"నీ లాప్‌టాప్ గడియారం తప్పయి ఉంటుంది."

"నా గడియారం తప్పయినా ఫరవాలేదు. అయిదింటినీ దాంతోనే కొలిచాను. నాలుగు ఒకవైపు, మీదొక్కటి ఒకవైపు. మీరు బయటికి దారులు మూసినప్పుడు టైమ్ వచ్చే దారి కూడా మూసేశారు."

ఆయన కప్పు కింద పెట్టారు. ఒక క్షణం ఆ మొహంలో ఏదో కదిలింది. భయమే అనుకుంటాను. వెంటనే ముక్కు కదిలింది.

"నూట అరవై లైన్లు రాసిన నువ్వు, నా పదిహేడేళ్ళ అనుభవానికి పరీక్ష పెడుతున్నావా? లాబ్‌లో పిల్లల్ని ఆడించుకో. ఇది నీ స్థాయి విషయం కాదు."

నేను వాదించలేదు. మనిషి తనంతట తాను చూసుకుంటాడు, చూసుకుని సోమవారం విచారణలో చెబుతాడు అనుకున్నాను. అది నా తెలివితక్కువ.

శనివారం ఉదయం ఆయన మామూలు కంటే గంట ముందే ఆఫీసుకి వెళ్ళారు. నేను పది దాటాక రేవుకి వెళ్ళి కమాండ్ కొట్టాను. సున్నా. సెకనులో వెయ్యో వంతులు నాలుగు, అంతే తేడా. ఎవరో బయటి దారి తెరిచి, సర్వర్‌ని సరిచేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు తలుపు దగ్గరికి వేశారు.

అంటే నేను చెప్పింది నిజమని ఆయనకి తెలిసింది. తెలిసి, తన పెట్టె సర్దుకున్నారు. వదిన మెడకి చుట్టుకున్న రిపోర్టు మాత్రం ముట్టుకోలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గర్వాన్ని భరించాను, చులకనని భరించాను. తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా జారుకోవడం మాత్రం అప్పుడే చూశాను. అంత చదువూ, అంత గోడంత తెరా ఉన్న మనిషి, చివరికి ఇంతేనా అనిపించింది.

నేనలా బెంచీ మీద కూర్చునుంటే, అవతలి ఒడ్డుకి వెళ్ళి తిరిగొచ్చిన సరంగు మెట్లెక్కి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఏటి మీదున్న మనిషి. నన్ను చూసి, "సెకన్ల సారు ఇంటావిడే కదమ్మా? ఏంటమ్మా ఇవాళ పది గంటల లాంచీకి పచ్చలైటు ఇంతసేపటికి పడింది? ప్రయాణికులు నన్ను తిడుతున్నారు. రెండు నెలలు కాలేదు, ముందు పడటానికి అలవాటయ్యాం" అన్నాడు.

"ముందు పడుతోందని మీకెలా తెలుసు?"

"లాంచీలో దారి చూపే యంత్రం లేదూ? దాని టైమ్ ఆకాశం నుంచి వస్తుంది. ఎప్పుడు కదిలామో సెకన్లతో సహా అదే రాసుకుంటుంది."

నేను లేచి నిలబడ్డాను. "ఆ రాతలు కాగితం మీదికి వస్తాయా?"

"ఎందుకు రావు? అడిగిన నాథుడు లేడు గానీ."

సోమవారం విచారణ. మేనేజరమ్మ గదిలో పొడవాటి బల్ల, నాలుగు కుర్చీలు, ఒక మొక్క. ఉద్యోగి తనతో ఒక మనిషిని తెచ్చుకోవచ్చని నిబంధన. అక్క నన్ను తెచ్చుకుంది. మా ఆయన ఎదురుగా కూర్చుని నన్ను చూసి, గోడ మీద సున్నం చూడటం మొదలుపెట్టారు.

నేను తొమ్మిది లైన్లూ చదివి, పదో రోజు సున్నా వచ్చిందని చెప్పాను. మేనేజరమ్మ ఆయన వైపు తిరిగింది. ఆయన తాపీగా అన్నారు: "మేడమ్, ఇవి ఇంట్లో కూర్చుని ఎవరైనా టైపు చేసుకోవచ్చు. వీటికి విలువ లేదు. ప్రస్తుతం సర్వర్ కచ్చితంగా ఉంది, కావాలంటే ఇప్పుడే చూడండి."

ఆ మాటలో మొదటి సగం నిజమే. అందుకే సరంగుని బయట కూర్చోబెట్టాం. అతను టోపీ చంకలో పెట్టుకుని లోపలికొచ్చి, కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. ప్రతి లాంచీ కదిలిన టైమూ అందులో ఉంది. మేనేజరమ్మ ఉదయపు లాంచీల వరసని వేలితో పట్టుకుని కిందికి దిగింది. ఆయన బయటి దారులు మూసిన వారానికి ముందు తేడా లేదు. తర్వాత రోజుకి రెండేసి సెకన్లు పెరుగుతూ పోయింది. నా తొమ్మిది లైన్ల పక్కన పెట్టుకుంటే, లైటు చూసి సరంగు చెయ్యి కదిలేంత తేడా తప్ప, ఏ రోజుకారోజు సరిపోయింది. శనివారం ఎనిమిది గంటల లాంచీ రెండు నిమిషాలు ముందు కదిలింది. పది గంటల లాంచీ సరిగ్గా పదికి కదిలింది.

"ఇంతకాలం చెప్పలేదేం?" అని సరంగుని అడిగింది.

"ఒకసారి చెప్పానమ్మా. 'చుక్కాని తిప్పడం నీ పని, అది చూసుకో' అన్నారు సారు. చూసుకుంటున్నాను."

మేనేజరమ్మ కళ్ళజోడు తీసింది. "శనివారం ఎనిమిదికీ పదికీ మధ్య సర్వర్‌ని ఎవరు సరిచేశారు?"

మా ఆయన, "రొటీన్ మెయింటెనెన్స్ మేడమ్" అన్నారు.

"తప్పు లేనిదాన్ని సరిచేయడం రొటీనా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ శనివారం ఆయన భుజాలు తడుముకోకుండా ఉంటే, మా కాగితాలు ఇంత గట్టిగా మాట్లాడేవి కావు. గదిలో ఎవరూ నవ్వలేదు. అక్క మాత్రం బల్ల మీదికి వంగి, తన పెద్ద గొంతు బాగా తగ్గించి అడిగింది:

"శుక్రవారమే నీకు తెలుసు కదా అబ్బాయీ? తెలిసీ శని, ఆది ఊరుకున్నావా?"

ఆయన మళ్ళీ సున్నం చూశారు.

మెమో వెనక్కి తీసుకున్నారు. ఇంటి దగ్గరున్న రోజుల్ని డ్యూటీ కింద రాసి, మంగళవారం నుంచి అక్కని గేటుకి రమ్మన్నారు. ఆయనకి రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చి, ఇక నుంచి ఏ సిబ్బంది మీదా ఆయన ఒక్కరి రిపోర్టు చెల్లదన్నారు. ఉద్యోగం పోలేదు. అలాంటి వాళ్ళ ఉద్యోగాలు పోవు. నా ప్రోగ్రాం గేటు దగ్గరి కంప్యూటర్‌లో పెట్టించారు. పొద్దున్నే మొదటి లాంచీకి ముందు అక్క కమాండ్ కొట్టి, వచ్చిన లైను రిజిస్టర్‌లో రాస్తుంది. తేడా సెకను దాటితే నేరుగా మేనేజరమ్మకి ఫోన్ చేయాలి. అక్క గొంతుకి ఫోన్ అక్కర్లేదని రేవులో జోకు.

బావగారు ఆ తర్వాత మా ఇంటి గడప తొక్కలేదు. ఏమీ అనలేదు కూడా. రేవులో తమ్ముడు ఎదురైతే, చెక్కకి చెద పట్టిందేమో అన్నట్టు ఒకసారి తట్టి చూసే చూపు చూసి వెళ్ళిపోతారట.

రెండు నెలలకి అవతలి ఒడ్డు ఆఫీసులో ఏదో మీటింగ్ జరిగింది. అక్కడ మా ఆయన, "టైమ్ తప్పులు పట్టడానికి మేము స్వయంగా ఒక తేలికపాటి ప్రోగ్రాం తయారు చేసుకున్నాం, ఐడియా నాదే, కోడింగ్ ఇంట్లో చేయించాను" అని చెప్పారట. సరంగు నాకు చెప్పి, మొహమాటంగా నవ్వాడు. నేను కూడా నవ్వాను. కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద కాస్తయినా ఆశ మిగలాలి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన పళ్ళెంలోకి చూస్తూ, ఇన్నాళ్ళకి ఆ మాట ఎత్తారు.

"నువ్వు నాకు ముందే చెప్పి ఉంటే అంతదాకా వచ్చేది కాదు."

"శుక్రవారం చెప్పాను కదండీ. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే."

"చెప్పావు. చెప్పే పద్ధతి ఒకటుంటుంది" అన్నారు. "నేను తెలుసుకున్నట్టు ఉండేలా చెప్పాలి."

నా పళ్ళెం తీసుకుని లేచాను. ఆయనది అక్కడే వదిలేశాను.